ప్రాథమిక కణాలు నీకు నిజంగా వచ్చా? పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫోన్‌లో రాసిన మాక్ టెస్ట్‌లో ప్రాథమిక కణాల మీద 30 ప్రశ్నలు వస్తే 27 సరిగ్గా పెట్టావు. సంతోషం. మర్నాడు మాక్ ఇంటర్వ్యూలో సార్ "ఒంటరి న్యూట్రాన్ పావుగంటలో క్షయమైపోతుంది కదా, డ్యుటీరియంలో ప్రోటాన్‌తో కట్టుబడి ఉన్న న్యూట్రాన్ ఎందుకు అలాగే ఉండిపోతుంది?" అని అడిగితే నోట మాట రాలేదన్నావు. "ఇంతకీ నాకు సబ్జెక్టు వచ్చా, రాదా పెదనాన్నా?" అని అడిగావు. ముప్పై నాలుగేళ్లు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాడిగా ఆ ప్రశ్నకు ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాలుగు ఆప్షన్లు కళ్ల ముందు ఉన్నప్పుడు మనం చేసేది గుర్తుపట్టడం. తెల్ల కాగితం ముందు కూర్చున్నప్పుడు చేసేది గుర్తుచేసుకోవడం. ఈ రెండూ వేరు. మొదటిది బాగా వచ్చి రెండోది రాకపోతే కంగారు పడాల్సిన పనిలేదు, ఇంకా కొంచెం దారి ఉందని అర్థం. అయితే ఇకమీదట నిన్ను నువ్వు పరీక్షించుకునే పద్ధతి మారాలి.

ముందు ఒక తెల్ల కాగితం తీసుకో. పుస్తకం పక్క గదిలో పెట్టు. ఆరు క్వార్కులు (ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివాటి లోపలి ముక్కలు), ఆరు లెప్టాన్లు (ఎలక్ట్రాన్, న్యూట్రినో లాంటివి), బలాలను మోసే ఫోటాన్, గ్లూఆన్, డబ్ల్యూ, జెడ్, ఇంకా హిగ్స్, మొత్తం పదిహేడు రాయి. పేర్లు నీకు వచ్చని నాకు తెలుసు. ప్రతి పేరు పక్కనా విద్యుదావేశం (ఛార్జ్), స్పిన్ (కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం), అది ఏయే బలాలకు లోబడుతుందో రాయి. పెన్ను ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న చుక్క పెట్టు. ఆ తర్వాత ఒక లెక్క వెయ్యి: రంగులను (బలమైన బలానికి సంబంధించిన ఆవేశానికి పెట్టిన పేరు, కంటికి కనబడే రంగు కాదు), యాంటీ పార్టికల్స్‌ను (ప్రతికణాలను) విడివిడిగా లెక్కపెడితే పదిహేడు ఎంతవుతుంది? క్వార్కులు 36, లెప్టాన్లు 12, గ్లూఆన్లు 8, డబ్ల్యూలు రెండు, జెడ్, ఫోటాన్, హిగ్స్ ఒక్కొక్కటి. 61 రావాలి. క్వార్కులు 36 ఎందుకయ్యాయో, గ్లూఆన్లు తొమ్మిది కాకుండా ఎనిమిదే ఎందుకో చెప్పగలిగావంటే ఈ పట్టిక నీదే. చెప్పలేకపోతే అది ఇంకా పుస్తకానిదే.

దీనికి ఒక సాయంత్రం చాలు. అసలు పరీక్ష కణాలు ఢీకొనే, విడిపోయే చర్యల దగ్గర ఉంది, ఎక్కువ రోజులు అక్కడ గడుపు.

ఒక ఉదాహరణ చెప్తాను. పై-మైనస్ అనే మెసాన్ (ఒక క్వార్క్, ఒక యాంటీ క్వార్క్ కలిసిన కణం) వెళ్లి ప్రోటాన్‌ను ఢీకొంది. కే-ప్లస్ మెసాన్, సిగ్మా-మైనస్ బేరియాన్ (మూడు క్వార్కుల కణం) రావచ్చా? కే-మైనస్, సిగ్మా-ప్లస్ రావచ్చా? ఆవేశం చూస్తే రెండింటిలోనూ సున్నా నుంచి సున్నాకే. బేరియాన్ సంఖ్య రెండింటిలోనూ ఒకటే. ఇక్కడిదాకా చూసి ఆపేసే పిల్లలు "రెండూ జరుగుతాయి" అంటారు. స్ట్రేంజ్‌నెస్ చూడు, అంటే స్ట్రేంజ్ క్వార్కుకు మైనస్ ఒకటి, యాంటీ స్ట్రేంజ్‌కు ప్లస్ ఒకటి వేసుకుని లెక్కపెట్టు. ఢీకొనే ముందు సున్నా. మొదటి దాంట్లో ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, మళ్లీ సున్నా. రెండో దాంట్లో మైనస్ రెండు. బలమైన కేంద్రక బలం దాన్ని ఒప్పుకోదు. ఇప్పుడు అదే చర్యను క్వార్కులతో గీసి చూడు. మొదటి దాంట్లో ఒక అప్, ఒక యాంటీ అప్ కలిసి మాయమై ఒక స్ట్రేంజ్, ఒక యాంటీ స్ట్రేంజ్ జంట పుట్టింది. రెండో దాంట్లో రెండు స్ట్రేంజ్‌లు పుట్టాలి, జతకు యాంటీ స్ట్రేంజ్ ఒక్కటీ లేదు. నియమం అంకెల్లోంచి కాకుండా బొమ్మలోంచి కనబడే ఆ క్షణం కోసమే నేను ఇన్నేళ్లు ఈ పాఠం ఇష్టంగా చెప్పాను.

జరుగుతుందా లేదా అన్నదాంతో ఆగకు. జరిగితే ఎంతసేపట్లో జరుగుతుంది? లామ్డా అనే బేరియాన్‌ను తీసుకో. అది ప్రోటాన్, పై-మైనస్‌లుగా విడిపోతుంది. పుట్టడం బలమైన బలంతో పుట్టింది కదా, పోవడం కూడా 10 ఘాతం మైనస్ 23 సెకన్ల ప్రాంతంలో పోవాలి. కానీ దాని సగటు ఆయుష్షు 2.6 ఇంటూ 10 ఘాతం మైనస్ 10 సెకన్లు. పది లక్షల కోట్ల రెట్లు ఆలస్యం! ఎందుకు? స్ట్రేంజ్‌నెస్ ఉన్న బేరియాన్లలో అన్నిటికన్నా తేలికైనది లామ్డాయే. దాని ద్రవ్యరాశి 1116 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశిని శక్తి లెక్కలో చెప్పే ప్రమాణం). స్ట్రేంజ్‌నెస్ కాపాడుకుంటూ విడిపోవాలంటే ఒక న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్), ఒక కేయాన్ (కే మెసాన్) కావాలి, అవి రెండూ కలిసి 1430 దాటుతాయి. అంత సొమ్ము దాని దగ్గర లేదు. కాబట్టి స్ట్రేంజ్‌నెస్‌ను వదులుకునే బలహీన బలం ఒక్కటే దానికి దారి. 1950ల మొదట్లో ఈ ఆలస్యం అర్థం కాకనే వీటిని వింత కణాలన్నారు, స్ట్రేంజ్‌నెస్ అన్న ఊహ అక్కడి నుంచే వచ్చింది.

మీ సార్ ప్రశ్న కూడా ఈ కోవలోదే, లెక్క వేసుకుంటే భయం పోతుంది. న్యూట్రాన్ ద్రవ్యరాశి 939.57, ప్రోటాన్‌ది 938.27. తేడా దాదాపు 1.3 ఎంఈవీ. ఎలక్ట్రాన్ పుట్టడానికి 0.51 పోతే మిగిలేది 0.78. ఒంటరి న్యూట్రాన్‌కు ఆ మిగులు చాలు. డ్యుటీరియంలో మాత్రం న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారితే రెండు ప్రోటాన్లు మిగులుతాయి, అవి కట్టుబడి ఉండలేవు. అంటే 2.22 ఎంఈవీ బంధన శక్తిని ఎదురు కట్టాలి. చేతిలో 0.78 పెట్టుకుని 2.22 ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే ఉండిపోతుంది. చూశావా, ఇందులో నీకు తెలియని అంకె ఒక్కటీ లేదు. ఆ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టడం అలవాటు కాలేదు, అంతే.

రోజుకు మూడు చర్యలు చాలు. ముఖ్యమైన సంగతి, జవాబు చూడకముందే మార్జిన్‌లో "ఖాయం", "అనుమానం", "ఊహ" అని ఏదో ఒకటి రాయి. ఊహించి సరిగ్గా పెట్టినదాన్ని తప్పు కిందే లెక్కేసుకో. ఖాయం అనుకుని తప్పు పెట్టినదాన్ని వేరే నోట్సులో తేదీ వేసి రాసుకో. ఆ నోట్సు నీకు ఏ గైడ్ కన్నా ఎక్కువ పనికొస్తుంది. మాక్ టెస్ట్‌లో నీకు వచ్చిన 27ను కూడా ఇలా వడపోసి చూడు, ఎన్ని మిగులుతాయో నాకు చెప్పు. ఎన్నయినా సరే, దాచకు.

అప్పుడప్పుడు అంచనా లెక్కలు కూడా వెయ్యి. ప్రోటాన్‌లో ఉన్న మూడు క్వార్కుల ద్రవ్యరాశి కలిపితే 9 ఎంఈవీ చుట్టుపక్కల వస్తుంది, ప్రోటాన్‌ది 938. మిగతా 99 శాతం ఎక్కడిది? ఇది తెలిసిన వాళ్లు "మన బరువంతా హిగ్స్ ఇచ్చిందే" అనరు. ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువు లాంటి మ్యుయాన్ ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, కాంతి వేగంతో వెళ్లినా ఆ వ్యవధిలో 660 మీటర్లే పోతుంది. మరి వాతావరణంలో పదిహేను కిలోమీటర్ల ఎత్తులో పుట్టినవి నువ్వు ఈ ఉత్తరం చదువుతుండగా నీ అరచేతిలోంచి సెకనుకు ఒకటో రెండో ఎలా దూసుకుపోతున్నాయి? కాగితం మీద నువ్వే తేల్చు.

పాత పుస్తకాలతో జాగ్రత్త తల్లీ. మ్యుయాన్‌ను "మ్యూ మెసాన్" అని రాసిన పుస్తకాలు ఇప్పటికీ లైబ్రరీల్లో ఉన్నాయి. అది మెసాన్ కాదు, లెప్టాన్. న్యూట్రినోకు ద్రవ్యరాశి సున్నా అని నేనూ ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను. 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే న్యూట్రినో డిటెక్టర్ ఫలితాలు వచ్చాక పాఠం మార్చుకున్నాను. కానీ అంతకుముందు చదివి వెళ్లిపోయిన పిల్లలకు ఆ మాట చేరిందో లేదోనని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. న్యూట్రినోల మాట వచ్చింది కాబట్టి, మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లోని కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతులో, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారని తప్పకుండా చదువు. ఇంటర్వ్యూ కోసం కాదు, నీ కోసం.

ఇంకొకటి. వారానికి ఒకసారి తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక కణం గురించి తెలుగులో చెప్పు. వాడు ఇంటర్‌లో ఉన్నాడు, మొహమాటం లేకుండా "ఎందుకు?" అంటాడు. ఇంగ్లీషు మాటల చాటున దాక్కున్న అరకొర జ్ఞానం అక్కడ ఇట్టే బయటపడుతుంది. వాణ్ణి విసుక్కోకు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్కదానికి జవాబు చెప్పు. పై-జీరో, కే-జీరో, న్యూట్రాన్, మూడింటికీ ఆవేశం సున్నానే. పై-జీరో తనకు తానే యాంటీ పార్టికల్, మిగతా రెండూ కావు. ఎందుకు? పుస్తకం తెరవకుండా, క్వార్కులు గీసుకుని ఆలోచించు. రాత్రి పది దాటాక వద్దు, పడుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న