లక్షన్నర సైకిలు కొనే ముందు ఉన్న సైకిల్లో గాలి చూసుకోండి

మీ ప్రశ్న ఇది: "తిరుపతిలో ఉంటాను. వెనక సస్పెన్షన్ లేని మౌంటెన్ బైకు ఉంది. రాళ్ల దారిలో దిగేటప్పుడు చేతులు, నడుము అదిరిపోతున్నాయి. లక్షన్నర పెట్టి ఫుల్ సస్పెన్షన్ కొంటే ఈ బాధ పోతుందా?"

కొన్నంత మాత్రాన పోదు. నాకు పోలేదు.

నేను తిరుపతిలో మోటారు వైండింగ్ పని చేస్తాను. ఆదివారం పొద్దున మాత్రం సైకిలుకే. మేం నలుగురం. ఒకడు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాడు, ఒకడు టైలరు, ఒకడికి కోళ్ల ఫారం ఉంది. మూడేళ్ల కిందట బెంగుళూరులో ఒకాయన అమ్ముతుంటే లక్షా పదివేలు పెట్టి ట్రెయిల్ బైకు, అంటే రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉన్న కొండదారి సైకిలు కొన్నాను. ముందర 140 మిల్లీమీటర్లు, వెనక 130 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే రాయి తగిలితే చక్రం అంత మేర పైకి కదలగలదు. ముందు చక్రాన్ని పట్టుకునేది ఫోర్కు, వెనక అదురు మింగేది షాక్, ఆ షాక్ లోపల గాలే స్ప్రింగు. తెచ్చిన వెంటనే ఒక షాపులో సర్వీసుకిచ్చాను. చెయిను తుడిచారు, గేర్లు సరిచేశారు, టైర్లు రాయిలాగా అయ్యేదాకా గాలి కొట్టి ఇచ్చారు. నీ బరువెంత అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ట్రెయిల్ బైకు మీద చెయ్యి వేసేవాడు మొట్టమొదట అడగాల్సింది అదే. బరువు తెలియకుండా చేసిన సర్వీసును నేను సర్వీసు కింద లెక్కేయను.

ఆ వారమే చంద్రగిరి దాటి కల్యాణి డ్యాం రోడ్డు వైపు పోయాం. రోడ్డు వదిలి మామిడి తోపుల మధ్యలోంచి ఒక ఊరి చెరువు కట్టకు దిగే బండి బాట ఉంది. ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి ఇరవై సైకిళ్లు పోతాయి, ఆ తోపులవాళ్లు దారికి అడ్డంగా కంప వేస్తారు. వాళ్లు మమ్మల్ని పోనిస్తున్నది మంచితనం కొద్దీ.

మన నేల గురించి ఒక మాట చెప్పాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైట్ కలిసే గీత కనబడుతుంది. జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ స్థాయి భూగర్భ స్మారకంగా ప్రకటించారు కూడా. కొండ మీది రాయి వేరు, కింద మనం తొక్కే రాయి వేరు. చంద్రగిరి చుట్టూ ఉండేది ఎక్కువగా గ్రానైటే. అది ఎండకూ వానకూ పొడిపొడై గరుసై, గట్టి బండ మీదనే పరుచుకుని ఉంటుంది. బేరింగు గోళీలు నేల మీద పోసి వాటి మీద నడిచినట్టు ఉంటుంది. మెత్తటి మట్టిలో తొక్కేవాళ్లు వీడియోల్లో చెప్పే లెక్కలు ఇక్కడ అట్లే పెట్టుకుంటే కుదరదు.

సరే. ఆ బాట సగం దిగాక ఒక పెద్ద బండ వస్తుంది. దాని మీద చింతపండు, వేరుశనగ ఆరబోస్తారు. బండ అంచు దిగితే వరసగా ఏడెనిమిది రాళ్లు, తర్వాత ఎడమకు మలుపు. ముందర పోయిన ముగ్గురూ పాత సైకిళ్ల మీద, వెనక సస్పెన్షన్ లేనివాటి మీద, నిదానంగా దిగిపోయారు. నేను దిగాను. మూడో రాయి దగ్గరే వెనక చక్రం పక్కకు దూకింది. ఐదో రాయికి పెడల్ మీంచి కాలు జారింది. మలుపులో ముందు చక్రం గరుసు మీద కొట్టుకుపోయి, మోచేయి ఆనించి పడ్డాను. చర్మం లేచిపోయింది. గరుసు రవ్వలు లోపల ఇరుక్కుని, నీళ్లు పోసినా రాక, టైలరు సూదితో ఒక్కొక్కటే తీశాడు.

ఫిజిక్స్ మాస్టరు అదంతా ఫోన్లో స్లో మోషన్‌లో తీశాడు. చెరువు కట్ట మీద చింతచెట్టు కింద కూర్చుని ముందుకూ వెనక్కూ జరిపి చూపించాడు.

"మచ్చా, ఇది చూడు. రాయి తగిలితే చక్రం పైకి పోవల్ల, నువ్వు ఉండేచోటే ఉండవల్ల. ఈడ చక్రంతో పాటు నువ్వు కూడా లేస్తా ఉండావు. షాక్ నలగడమే లేదు."

నిజమే. వీడియోలో వెనక షాక్ కదలలేదు. రాయి తగిలిన ప్రతిసారీ సైకిలు మొత్తం గాల్లోకి లేచింది.

షాక్ పంపు సంచిలోనే ఉంది. బిగించి చూస్తే షాక్‌లో గాలి ఒత్తిడి 230 పీఎస్‌ఐ. ఫోన్ చేసి అడిగితే, బెంగుళూరు ఆయన బరువు 92 కేజీలు అని తేలింది. నేను 66. ఆయన ఒంటికి కుట్టిన చొక్కా వేసుకుని నేను కొండ దిగుతున్నానన్నమాట.

ఇక అప్పుడు మొదలైంది అసలు పని. మీరు కూర్చున్నప్పుడు మీ బరువుకే షాక్ కొంత కిందికి దిగాలి. దాన్ని సాగ్ అంటారు. ట్రెయిల్ బైకుకు వెనక 25 నుంచి 30 శాతం మంచి మొదలు. నా షాక్ స్ట్రోకు, అంటే దాని కడ్డీ మొత్తం లోపలికి పోయే దూరం, 50 మిల్లీమీటర్లు, అంటే 15 దాకా దిగాలి. షాక్ కడ్డీ మీద ఉండే చిన్న రబ్బరు రింగును పైకి సీలు దాకా జరిపి, బూట్లు, సంచి, నీళ్ల సీసాతో సహా ఎగరకుండా మెల్లిగా కూర్చుని, అంతే మెల్లిగా దిగాలి. రింగు ఎంత జరిగిందో కొలవాలి. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు హ్యాండిల్ పట్టుకోవాలి, ఒకడు రింగు జరపాలి, మీరు కదలకుండా కూర్చోవాలి. గోడకు ఆనుకుని చేసుకోవచ్చు అంటారు. గోడకు ఆనుకుంటే బరువులో కొంత గోడ మీదికి పోతుంది, లెక్క తప్పుతుంది.

టైలరు మెడలో టేపు ఆదివారం కూడా ఉంటుంది. సెంటీమీటర్ల వైపు తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కడ్డీకి దగ్గరగా వంగి చూశాడు. "ఆరు మిల్లీమీటర్లే మామా. నువ్వు కూర్చున్న సంగతే దానికి తెలీలా."

గాలి వదలడం మొదలుపెట్టాం. 20 వదలడం, సీటు మీద బరువేసి పదిసార్లు నొక్కడం, మళ్లీ కొలవడం. ఈ నొక్కడం చాలామంది చేయరు. షాక్ లోపల రెండు గదులుంటాయి. నొక్కితేనే రెండింట్లో గాలి సర్దుకుంటుంది, లేకపోతే కొలత అబద్ధం చెప్తుంది. 210కి తొమ్మిది, 190కి పదకొండు. 165 దగ్గర టేపు పదిహేను చూపించింది. కోళ్ల ఫారం వాడు ఆ అంకెలన్నీ బీడీ కట్ట కాగితం వెనక రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా షాపులో వైండింగ్ మిషను పక్కన అతికించి ఉంది.

సైకిలు తోసుకుంటూ పైకెక్కి మళ్లీ దిగాను. మొదటి మూడు రాళ్లు వెన్నలాగా పోయాయి. నాలుగో రాయి నుంచి సైకిలు కూరుకుపోయినట్టు అయింది. పడలేదు కానీ ప్రతి రాయికీ ఇంకొంచెం బిగుసుకుపోయింది. సాగ్ కుదిరింది కదా, మళ్లీ ఇదేంది?

కారణం రీబౌండ్. నలిగిన షాక్ ఎంత వేగంగా తిరిగి లేవాలో చెప్పే మర ఇది. చాలావాటిల్లో ఎర్రగా ఉంటుంది, తాబేలు, కుందేలు బొమ్మలు కూడా ఉంటాయి. గాలి ఎక్కువుంటే షాక్ గట్టిగా తన్నుకుని లేస్తుంది, దాన్ని ఆపడానికి రీబౌండ్ బిగించి పెట్టుకోవాలి. 92 కేజీల ఆయన అట్లే బిగించుకున్నాడు. నేను గాలి తగ్గించాక ఆ బిగింపు నాకు ఎక్కువైపోయింది. ఒక రాయికి నలిగింది పూర్తిగా లేవకముందే ఇంకో రాయి, అది లేవకముందే ఇంకోటి. చివరికి నలగడానికి ట్రావెలే మిగల్లేదు. గాలి మార్చినవాడు రీబౌండ్ కూడా మార్చాల్సిందే. ఒకటి పట్టుకుని ఇంకోటి వదిలేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మోటారు మొరాయిస్తే ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తాం. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. ఇక్కడా అంతే చేశాం. ఒక క్లిక్కు వదలడం, దిగడం, వీడియో చూడడం. పదకొండు గంటలైంది, ఎండ నెత్తికెక్కింది. నాలుగో క్లిక్కుకు సైకిలు రాళ్ల మీద పరుపులాగా పరుచుకుని పోయింది. వీడియోలో నా తల ఒకే మట్టంలో ఉంది, చక్రం మాత్రం కిందా మీదా ఆడుతోంది. అది చూసి నలుగురం అరిచిన అరుపులకు చెరువులో కొంగలన్నీ లేచిపోయాయి.

ఆ రోజు టైర్ల గాలి కూడా చూశాం. షాపులో కొట్టింది 45. నా బరువుకు, 29 అంగుళాల, 2.4 వెడల్పు ట్యూబ్‌లెస్ టైరుకు ముందర 20, వెనక 23 చాలు. 45తో ఆ గరుసు మీద పట్టు ఎక్కడినుంచి వస్తుంది? మోటారు సైకిల్ పంక్చరు షాపులో కంప్రెసరుతో సైకిలు టైరుకు గాలి పట్టించడం ఇప్పటికైనా మానండి. ఆ మీటరు 30 లోపల నిజం చెప్పగా నేను చూడలేదు. మీ వాల్వు సన్నగా ఉండే ప్రెస్టా రకానిదైతే ఆ గొట్టం ఎక్కనే ఎక్కదు, ఇత్తడి అడాప్టరు జేబులో ఉంచుకోండి. ఇంకొకటి, ఎండ. పొద్దున ఐదున్నరకు చలిలో 23 పెట్టుకుని బయలుదేరితే, పదింటికి టైరు పదిహేను డిగ్రీలు వేడెక్కేసరికి అది 25కు చేరుతుంది. ఎండాకాలం మన ఊళ్లో నలభై దాటుతుంది కాబట్టి ఒకటి రెండు తగ్గించే బయలుదేరండి.

పల్లేరుకాయల సంగతి మరిచిపోవద్దు. చేల గట్ల మీద ఎక్కడ చూసినా అవే, పక్కనే కంపచెట్ల ముళ్లు. ట్యూబు వేసుకుని తొక్కినన్నాళ్లు మేం ప్రతి ఆదివారం ఒకరిది అతికించుకుంటూ కూర్చున్నాం. ట్యూబ్‌లెస్‌లో పోసే సీలెంట్ ఆ చిన్న బొక్కల్ని అప్పటికప్పుడే మూసేస్తుంది. మన వేడికి త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకు ఒకసారి మళ్లీ పోయాలి. మీరు పెట్టే ఖర్చులో మొదటిది ఇదే కావాలి.

వాటర్ వాష్ గురించి కూడా చెప్పే పోతాను. మోటారు బండ్లకు కొట్టే ప్రెషరు నీళ్లు సైకిలు బేరింగుల్లోకి, ఫోర్కు సీళ్లలోకి కొట్టిస్తున్నారు చాలామంది. గ్రీజు కొట్టుకుపోయి, లోపల నీళ్లు నిలబడి, ఆరు నెలల్లో చక్రం నడిమి హబ్బు గరగరమంటుంది. ఒక బకెట్టు నీళ్లు, పాత గుడ్డ చాలు. గ్రీజు విలువ ఈ ఆట పుట్టించినవాళ్లకు బాగా తెలుసు. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొందరు స్నేహితులు పాత బరువు సైకిళ్ల మీద ఒక కొండ బాట దిగే పందెం పెట్టుకున్నారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. ఒక్కసారి దిగేసరికి హబ్బులో గ్రీజంతా కాలి పొగై పోయేది, మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ బాటకు రీప్యాక్ అని పేరు పడింది. వాళ్లలో జో బ్రీజ్ 1977లో ఆ దారులకోసమే కొత్త ఫ్రేము చేశాడు. పాత సైకిళ్లను విప్పి, బిగించి, ఏది ఎందుకు పాడవుతోందో తెలుసుకున్నాకే కొత్తది చేశారు. మన దగ్గర ముందు కొనేస్తున్నారు, తర్వాత కూడా విప్పి చూడడం లేదు.

ఎక్కడ తొక్కాలి అని మీరు అడగలేదు కానీ చెప్తాను. శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా సైకిలు తీసుకుపోవద్దు. అందులో నేషనల్ పార్కు ఉంది, 2010 నుంచి అది బయోస్ఫియర్ రిజర్వు, పైగా ఎర్రచందనం ఉన్న అడవి. తెల్లవారకముందు సంచులు తగిలించుకుని పోయే నలుగురిని ఫారెస్టు వాళ్లు ఆపడం న్యాయమే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. మేం బాగా తెల్లారితే తప్ప కొండ అంచులకు పోము. ఊళ్ల మధ్య బండి బాటలు, చెరువు కట్టలు, తోపుల దారులు మనకు బతుకంతా తొక్కినా తరగవు.

ఇప్పుడు మీ సైకిలు సంగతి. అమ్మొద్దు. టైర్లను ట్యూబ్‌లెస్ చేయించండి, రిమ్ము ఒప్పుకుంటే 2.3 గానీ 2.4 గానీ వేయండి. ముందు ఫోర్కు గాలిదైతే షాక్ పంపు కొని, 20 శాతం సాగ్‌తో మొదలుపెట్టండి. స్ప్రింగుదైతే మీ బరువుకు తగ్గ స్ప్రింగు దొరుకుతుందేమో అడగండి. దిగేటప్పుడు సీటు దించండి, పెడళ్ల మీద నిలబడండి, నడుము అదురు సగం అక్కడే పోతుంది. ఒక నెల ఒకే బాట మీద, ఒకే స్నేహితుడితో, ఒకసారికి ఒక్కటే మారుస్తూ తొక్కండి. అప్పటికీ చేతులు అదిరితే లక్షన్నర సంగతి మాట్లాడదాం.

కామెంట్లో మీ బరువు, టైరు కొలత, ఫోర్కు మోడలు రాయండి. ఎంత గాలితో మొదలుపెట్టాలో నేను చెప్తాను. షాక్ పంపు లేకపోతే నాది తీసుకుపోండి, ఆదివారం తప్ప మిగతా రోజులు అది షాపులోనే ఉంటుంది.