దవడ కణితి మీద కత్తి పెట్టేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇకమీదట దవడ ఎముక కణితుల కేసులు నువ్వే స్వయంగా చూడబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. నీ చేతి నేర్పు మీద నాకు అనుమానం లేదు, నీ తొందర మీదే ఉంది.

ఎక్స్‌రే, సీటీ, బయాప్సీల వరుస నీకు తెలిసిందే. అంగిట్లోని ఎముక బొడిపె కట్టుడు పళ్ళకు అడ్డురానంత వరకు దాని జోలికి పోకు. ఎక్స్‌రేలో నల్లగా కనిపించే గడ్డను తెరిచేముందు మాత్రం సూదితో లాగి చూడు. సిరంజి సులువుగా రక్తంతో నిండితే అక్కడే ఆగి రక్తనాళాల పరీక్ష చేయించు; అది ఎముక లోపలి రక్తనాళాల గడ్డే అయితే, దాని మీది పన్ను పీకినా ప్రాణాపాయమే. ఎన్నోసారి చెబుతున్నావని విసుక్కోకు, నా భయం నాది.

ఒకప్పుడు నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు అంతకుముందే వేరేచోట రెండుసార్లు దవడ ఎముకలోని గడ్డను గీకి తీశారు, రెండుసార్లూ గడ్డ తిరిగి వచ్చింది. జెయింట్ సెల్ గ్రాన్యులోమా, అంటే పెద్ద పెద్ద కణాలుండే ఎముక గడ్డ, అని బయాప్సీ రిపోర్టు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చి రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనప్పుడు ఎముకలో వచ్చే బ్రౌన్ ట్యూమర్ కూడా సూక్ష్మదర్శినిలో అచ్చం అలాగే ఉంటుంది కనుక, రిపోర్టు రాసినవారిని తప్పుపట్టలేం. కిడ్నీలో రాళ్ళు వచ్చాయని ఆవిడ చెబుతూనే ఉన్నా, రక్తంలో కాల్షియం చూడాలని ఎవరికీ తోచలేదు. చూస్తే కాల్షియమూ, పారాథైరాయిడ్ హార్మోనూ రెండూ ఎక్కువే. మెడలోని ఆ గ్రంథి కణితిని తీసేశాక, దవడను మళ్ళీ ముట్టుకోకుండానే ఎముక నెమ్మదిగా పూడుకుంది. రిపోర్టులో జెయింట్ సెల్ అన్న మాట కనబడితే, కాల్షియం చూడకుండా కత్తి పట్టావని నాకు తెలియకూడదు.

ఆస్టియోమాలు, అంటే క్యాన్సర్ కాని గట్టి ఎముక కణితులు, ఒకటికి మించి కనబడితే గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు గుర్తుకు రావాలి. ఆ జబ్బులో పెద్దపేగు లోపల వచ్చే పాలిప్స్ అనే బొడిపెలు బయటపడకముందే దవడలో ఇవి కనిపించవచ్చు. ఆ పాలిప్స్‌ను వదిలేస్తే దాదాపు తప్పకుండా క్యాన్సర్‌గా మారతాయి. అందుకే పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్షకు పంపడం నీ బాధ్యతే. ఎముక స్థానంలో పీచు కణజాలం పెరిగే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా ఉన్న పిల్లలకు చూపుకో, శ్వాసకో ఇబ్బంది లేకపోతే ఎదుగుదల ఆగేదాకా ఓపికపట్టు. రేడియేషన్ మాత్రం వద్దు, అది సార్కోమా అనే క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

పళ్ళు ఏర్పడే కణజాలం నుంచి పుట్టే అమెలోబ్లాస్టోమా అనే దవడ కణితి దగ్గర ఇంత నిదానం పనికిరాదు. ముఖం పాడవుతుందన్న జాలితో గీకి వదిలితే ఏళ్ళ తర్వాతైనా తిరిగి వస్తుంది. మామూలు రకమైతే, ఎక్స్‌రేలో కనిపించే అంచుకు ఆవల ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఎముకను కలుపుకుని తీసెయ్యి. పదేళ్ళయినా పరీక్షకు వస్తూ ఉండాలని రోగికి మొదటిరోజే చెప్పు.

ఆపరేషన్ ముందురోజు రాత్రి పుస్తకాలు పక్కన పెట్టి నిద్రపో, తల్లీ.

నీ మామయ్య