నోటు మీద వినాయకుడు సరే, వీధిలో చర్చి సంగతేంటి?

ప్రశ్న: ఇండోనేషియా కరెన్సీ నోటు మీద వినాయకుడి బొమ్మ ఉందని, అక్కడ ముస్లింలే రామాయణం ఆడతారని మా ఫ్యామిలీ గ్రూపులో తరచూ ఫార్వర్డ్ వస్తుంటుంది. నిజమేనా? నిజమైతే అక్కడ మతాల గొడవలే లేవనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బొమ్మ ఉండేది. 1998లో వచ్చిన 20,000 రూపియా నోటు మీద విద్యావేత్త కి హజర్ దేవాంతర పక్కన చిన్నగా వినాయకుడు ఉండేవాడు. ఆ నోటును 2008 చివర్లోనే రద్దు చేశారు, మీ గ్రూపులో మాత్రం ఇంకా చెల్లుతున్నట్టుంది. రామాయణం సంగతి నిజమే. జావా దీవిలో జోగ్‌జకార్తా దగ్గర ప్రంబనన్ హిందూ గుడుల ముందు 1961 నుంచి ఆడుతున్నారు, వేషాలు కట్టేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే, ఇటు రాముడి వేషం అటు నమాజు, రెండింటికీ పొత్తు కుదరదన్న ఆలోచనే వాళ్లకు రాదు. జావా వాళ్లకు అది తాతల నాటి నుంచి సొంత కథ. అందుకే ఇతర మతస్థులతో ఎలా ఉంటారో తెలుసుకోవడానికి ఈ ఉదాహరణ పెద్దగా పనికిరాదు.

చట్టం ఏమంటుందో చూడండి. జనాభాలో దాదాపు 87 శాతం ముస్లింలైనా ఇస్లాం అక్కడ అధికార మతం కాదు. 1945 నుంచి ఆ దేశానికి పునాదిగా ఉన్న పంచశీల అనే ఐదు సూత్రాల్లో మొదటిది ఒకే దైవం మీద నమ్మకం. ఇస్లాం, ప్రొటెస్టెంట్, కేథలిక్, హిందూ, బౌద్ధం, కన్ఫ్యూషియస్ మతం, ఈ ఆరింటికీ ప్రభుత్వ గుర్తింపు ఉంది. బాలి హిందువుల మౌనదినం న్యేపి దేశమంతటా సెలవు, ఆ రోజు బాలి విమానాశ్రయమే మూసేస్తారు! జకార్తాలో పెద్ద మసీదు ఇస్తిఖ్లాల్‌కు డిజైన్ వేసింది ఫ్రెడరిక్ సిలబాన్ అనే క్రైస్తవుడు. ఎదురుగానే కేథడ్రల్, రెండింటినీ కలుపుతూ రోడ్డు కింద సొరంగం కూడా తవ్వారు.

ఇక రెండో వైపు. 2006 నాటి నిబంధన ప్రకారం కొత్త ప్రార్థనా స్థలం కట్టాలంటే దాన్ని వాడుకునే 90 మంది పేర్లు, చుట్టుపక్కల 60 మంది మద్దతు కావాలి. కాగితం మీద బాగానే ఉంది గానీ, వీధిలో వాళ్లు వద్దంటే పని ఆగిపోతుంది. బోగోర్‌లో ఒక చర్చికి ముందు అనుమతి ఇచ్చి, తర్వాత ఆపేశారు. 2010లో సుప్రీంకోర్టు చర్చి వైపే తీర్పు చెప్పినా తాళం తీయలేదు. ఆ జనం ఏళ్ల తరబడి అధ్యక్ష భవనం ముందు రోడ్డు మీద ప్రార్థన చేసుకున్నారు, చివరికి 2023లో వేరే చోట చర్చి తెరిచారు. క్రైస్తవులు ఎక్కువున్న తూర్పు ప్రాంతాల్లో మసీదులకూ ఇలాంటి చిక్కులే వచ్చాయి. తామూ ముస్లింలమే అన్నా చాలామంది ముస్లింలు ఒప్పుకోని అహ్మదీయ వర్గం వాళ్లకైతే ఇంకా కష్టం, 2011లో చికేసిక్‌లో గుంపు దాడి చేసి ముగ్గుర్ని చంపింది.

అయినా అక్కడ మంచివాళ్లకు కొదవలేదు. 2000లో క్రిస్మస్ ముందురోజు రాత్రి మొజొకెర్తోలో చర్చికి కాపలా ఉన్న రియాంతో అనే ముస్లిం యువకుడు బాంబును బయటికి మోసుకెళ్తూ చనిపోయాడు. ఈ సంగతి మీ గ్రూపులో పెట్టండి, నోటు కంటే నయం.

ప్రశ్న: మా అబ్బాయికి జకార్తాలో ఉద్యోగం వచ్చింది. పూజా పునస్కారాలకు ఇబ్బంది ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: టెన్షన్ పడకండమ్మా. రావమంగున్ ప్రాంతంలో బాలి పద్ధతి గుడి, పుర ఆదిత్య జయ ఉంది. నడుముకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లాలి, అంతే. పరిచయమైన కాసేపటికే మీ మతం ఏంటని అడుగుతారు, అక్కడ అది మామూలు. హిందువునంటే సరే అంటారు, ఏ మతమూ లేదంటేనే వింతగా చూస్తారు.

ఒక్కటే చిక్కు, అక్కడమ్మాయిని ప్రేమిస్తే. వేర్వేరు మతాల వాళ్ల పెళ్లి రిజిస్ట్రేషన్‌కు అనుమతి ఇవ్వొద్దని 2023లో సుప్రీంకోర్టు కింది కోర్టుల జడ్జీలకు సర్క్యులర్ పంపింది. అలాంటి జంటలు ఏ సింగపూరో వెళ్లి పెళ్లి చేసుకుని వస్తుంటారు, లేదా ఇద్దరిలో ఒకరు కాగితం మీద మతం మార్చుకుంటారు. మీ అబ్బాయి విషయంలో అంతదాకా వస్తే మళ్లీ ఉత్తరం రాయండి.