పెట్రోలు కారును ఇంటి దగ్గరే ఎల్పీజీకి మార్చుకోవచ్చా?

కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న పాత మారుతి 800కు ఎల్పీజీ కిట్ కొని ఇంటి దగ్గరే బిగించుకోవచ్చా, వంటగ్యాస్ సిలిండర్‌తో నడపవచ్చా అని మీరు అడిగారు. అలాంటి కారునే నేను హైదరాబాద్‌లో అనుమతి ఉన్న వర్క్‌షాపులో మార్పించుకొని కొన్నేళ్లు నడిపాను. బిగిస్తున్నంతసేపూ పక్కనే ఉండి ప్రతి పనీ చూశాను. ఇంజను వైపు పని చేయి తిరిగిన మెకానిక్‌కు పెద్ద కష్టం కాదు గాని, ట్యాంకు వైపు పని మాత్రం ఇంట్లో చేయదగినది కాదు.

ముందుగా వంటగ్యాస్ సంగతి. నిలబెట్టిన ఇంటి సిలిండర్ నుంచి ఆవిరి మాత్రమే వస్తుంది. పొయ్యికి అది చాలు. ఇంజను అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది కనుక, ద్రవం వేగంగా ఆవిరై సిలిండర్ చల్లబడి, ఒత్తిడి పడిపోయి, బండి లాగడం మానేస్తుంది. దీన్ని తప్పించడానికి కొందరు ద్రవమే బయటికి వచ్చేలా సిలిండర్‌ను డిక్కీలో పడుకోబెడతారు. ఇంత ప్రమాదకరమైన పని మరొకటి లేదు. కారు కోసం తయారైన ట్యాంకులో అడుగు నుంచి ద్రవాన్ని తీసే గొట్టం, 80 శాతం నిండగానే నింపడాన్ని ఆపే వాల్వు, పైపు తెగితే గ్యాసును అడ్డుకునే వాల్వు, ఒత్తిడి హద్దు దాటితే వదిలే వాల్వు ఉంటాయి. ఆ 20 శాతం ఖాళీ ఎండకు ద్రవం వ్యాకోచించడానికే. ఎల్పీజీ గాలికన్నా బరువైనది కాబట్టి, లీకైన గ్యాసు పైకి పోకుండా డిక్కీ అడుగున పేరుకొని నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. పిల్లలను వెనుక సీట్లో కూర్చోబెట్టుకొని తిరిగే బండిలో ఆ సాహసం దయచేసి చేయకండి.

ట్యాంకు నుంచి వచ్చిన ద్రవం సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకొని మూసుకునేది) దాటి, ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్‌లోకి చేరి, అక్కడ ఇంజను వేడినీటి వల్ల ఆవిరై, కార్బురేటర్ దగ్గర బిగించిన, గ్యాసును గాలితో కలిపే మిక్సర్ ద్వారా లోపలికి వెళుతుంది. ఆ వేడినీరే దీనికి ప్రాణం. నడివేసవి మధ్యాహ్నం ఒక మిత్రుడి ఓమ్ని వ్యాన్ కుదుపులిస్తుంటే బానెట్ ఎత్తి చూశాము: రెడ్యూసర్ మీద తెల్లగా మంచు పట్టి ఉంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గి వేడి అందకపోవడమే కారణం. ఇంజను చల్లారాక నీళ్లు నింపి, గొట్టాల్లోని గాలి తీసేయగానే బండి సర్దుకుంది.

కార్బురేటర్ బండిని పెట్రోలు మీద స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక ఇంధనం మార్చే స్విచ్‌ను పెట్రోలు, గ్యాసు రెండూ ఆగే మధ్య స్థానంలో ఉంచి, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు అయిపోయాకే గ్యాసుకు తిప్పాలి. లేకుంటే రెండూ కలిసి ఇంజను ఆగిపోతుంది. ప్లగ్గులు, వాటి వైర్లు బాగుండాలి. బలహీనమైన స్పార్క్‌తో గ్యాసు ఎయిర్‌ఫిల్టర్ వైపు ఎదురు పేలవచ్చు. గ్యాసు పొడి ఇంధనం కనుక వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందులు, తరచుగా చూపించుకోండి. ఇంజన్ ఆయిల్ మాత్రం పెట్రోలు బండిలోకన్నా శుభ్రంగా ఉంటుంది. లీటరుకు మైలేజీ కొంత తగ్గుతుంది, కాబట్టి ఆదా లెక్కను లీటరు ధర ఒక్కటే చూసి కాక, కిలోమీటరు ఖర్చు మీద వేసుకోండి.

ఇక చట్టం. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఎల్పీజీని వాహన ఇంధనంగా అనుమతించారు; 2001 నాటి కేంద్ర ఉత్తర్వు దాని వాడకాన్ని నియంత్రిస్తుంది. ఇంటి సిలిండర్ గ్యాసును వాహనానికి వాడటం నేరం. ఆమోదం పొందిన కిట్‌ను అనుమతి ఉన్నవారి చేత బిగించుకొని, ఆర్సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) ఇంధన మార్పు నమోదు చేయించి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ఇంటి దగ్గర మీరు చేయగలిగినది గ్యాసు పైపుల కీళ్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం; అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ పరీక్షించకండి. కిట్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు, మీ ఊరికి దగ్గరలో ఆటో ఎల్పీజీ బంకు నిజంగా నడుస్తున్నదో లేదో స్వయంగా వెళ్లి చూడండి.