సురవరం వారి పాత నాటకం ప్రతిని స్కాన్ చేసి నెట్‌లో పెట్టొచ్చా?

గద్వాలలో ఒక పెద్దాయన ఇంట్లో సురవరం ప్రతాపరెడ్డి గారి నాటకం పాత ప్రతి దొరికిందని, దాన్ని అందరికీ పంచొచ్చా అని ఒకరు అడిగారు. నిరభ్యంతరంగా పంచొచ్చు. మన కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత జీవించి ఉండగా అచ్చయిన పుస్తకంపై హక్కులు ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటాయి. సురవరం 1953లో కన్నుమూశారు. అంటే 2014 జనవరి 1 నుంచి ఆ రచనలు అందరివీ.

ఒక్క మెలిక ఉంది. ఈమధ్య వేసిన ముద్రణల్లో సంపాదకుల ముందుమాట, వివరణల మీద హక్కులు వాళ్లవే. అందుకే పాత ప్రతినే స్కాన్ చేయండి.

కాగితం పెళుసుబారి ఉంటే పుస్తకాన్ని పూర్తిగా విప్పి అదమకండి, వెన్ను విరుగుతుంది. సగం తెరిచి, పైనుంచి ఫొటోలు తీస్తే చాలు. చిరిగినచోట సెల్లోటేపు మాత్రం వద్దు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై అక్షరాలను మింగేస్తుంది.

తర్వాత తెలుగు వికీసోర్స్‌లో (పాత పుస్తకాలను ఉచితంగా చదువుకునే నెట్ గ్రంథాలయం) చేర్చండి. అక్షరాలను యంత్రం గుర్తించినా అరసున్నలు, బండి ఱలు తప్పుతాయి, మనుషులే కూర్చుని దిద్దాలి.

సురవరం వారి గోలకొండ పత్రిక, ఆంధ్రుల సాంఘిక చరిత్ర అందరికీ తెలుసు. ‘ఉచ్ఛల విషాదము’, ‘భక్త తుకారాం’ నాటకాలు రాశారని పాలమూరులోనే చాలామందికి తెలియదు. నాకది నిజంగా బాధ. వీలైతే ఏదైనా కాలేజీ పిల్లలతో ఒక్క అంకమైనా ఆడించండి, దానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.