మడత విప్పని చీర

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను, విసుగు కోపమైంది. పదకొండు పేజీల కథ. అందులో తొమ్మిది పేజీలు ఒక నెల్లూరావిడ చెన్నై టీ నగర్ పట్టుచీరల షాపులో నిలబడి అరుస్తూనే ఉంది. తెచ్చిన చీరని తిరిగి తీసుకోమంటుంది, సేల్స్ పిల్ల కుదరదంటుంది. ఆవిడ మళ్ళీ అరుస్తుంది, ఈ పిల్ల మళ్ళీ బెదిరిపోతుంది. ఇంత జరిగినా చీర కవర్లోంచి బయటికి రాలేదు. దాని రంగేమిటో కూడా చెప్పలేదు నువ్వు.

నాలుగో పేజీలో ఆ పిల్ల ఒక చెప్పులోంచి మడమ పైకి తీసి, బరువంతా రెండో కాలి మీద వేసుకుంది చూడు, అది ఉంచు. అక్కడే స్టూలు ఉందో లేదో కూడా చెప్పు. 2021లో తమిళనాడు తన షాపుల చట్టాన్ని సవరించి పనివాళ్ళకి కూర్చునే వసతి ఉండాలని రాసుకుంది. కేరళ 2018లోనే ఆ పని చేసింది. నీ షాపులో స్టూలు వచ్చిందా, వస్తే దాని మీద మనిషి కూర్చుందా, చీరల కట్ట కూర్చుందా? ఒక్క వాక్యం చాలు.

ఇక అసలు సంగతి. షాపులో గొడవ గొంతులో ఉండదు, గుడ్డలో ఉంటుంది. అది విప్పితేనే ఎవరిది తప్పో, ఎవరు దాస్తున్నారో, ఎవరికి ఎంత పోతుందో తెలుస్తుంది. అరుపు ఎవరైనా రాస్తారు. ఇలాంటి విప్పడం రాసి పంపితే మన సంపాదకులు ముందు దాన్నే కొట్టేస్తారు, కథ నడక ఆగిపోయిందంటారు. ఒక్క పేజీ కథల మోజు మొదలైన దగ్గర్నుంచీ పాత్రల చేతులకి పనిలేకుండా పోయింది, నోళ్ళే మిగిలాయి. నువ్వు ఆ దారిలో పోకు.

తిరిగొచ్చిన చీరని చూడ్డానికి ఒక వరస ఉంటుంది. సుమారు అయిదున్నర మీటర్ల చీర, దాని చివర 80 సెంటీమీటర్ల జాకెట్టు గుడ్డ. ముందు ఆ చివరే పట్టుకుంటారు. గుడ్డ కత్తిరించి ఉంటే మాట అక్కడితో చాలావరకు అయిపోయినట్టే. లేకపోతే కింది అంచు చూస్తారు. ఫాల్ కుట్టి విప్పేసినా సూది బెజ్జాలు పోవు, పట్టు మీద వెలుతురికి ఎత్తి పట్టుకుంటే వరసగా కనబడతాయి. తర్వాత కొంగు చివర్నుంచి మీటరు పైచిలుకు వెనక్కి వచ్చి, ఎడమ భుజం మీద పడే చోట పిన్ను గుచ్చిన గుర్తుందేమో వేలితో తడుముతారు. తర్వాత కుచ్చిళ్ళ మడతలు. షాపు మడత వేరు, ఒంటి మీద పడ్డ మడత వేరు. కుచ్చిళ్ళు జానెడు లోపు వెడల్పున, నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి పడతాయి. ఇస్త్రీ చేయించినా మర్నాటికి మళ్ళీ నీడలా తేలతాయి. ఆపైన మడమ తగిలే చోట అంచు లోపలివైపు మట్టి, నడుం దగ్గర దోపిన చోట చెమట గీత. ఆఖరికి వాసన. కొత్త పట్టుకి ఒక వాసన ఉంటుంది. సెంటు, కర్పూరం, కలరా ఉండలు, పెళ్ళి భోజనం ఇవన్నీ దాని మీద ఎక్కి కూర్చుంటాయి.

ఇదంతా చెయ్యడానికి చెయ్యి తిరిగిన పిల్లకి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల్లో ఆవిడ నోరు మూసుకుని చూస్తూ ఉంటుంది. చీర కట్టుకుని ఉంటే ఎక్కడ దొరికిపోతానో అని, కట్టుకోకపోతే తనని అనుమానిస్తున్నారని. రెండూ కోపాలే గానీ ఒకటి కాదు. నీ కథలో ఆవిడకి ఉన్నది ఏ కోపం?

ఆవిడ ఫిర్యాదేమో జరీ నల్లబడింది అని. సిల్క్ మార్క్ చీటీ చూపించి "ఇది ఉండగా జరీ ఎలా నల్లబడుతుంది" అంటుంది, నీ సేల్స్ పిల్ల తలొంచుకుంటుంది. ఇక్కడ పెన్సిల్ విరిగింది నాకు. సిల్క్ మార్క్ అన్నది సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చిన గుర్తు. అది చెప్పేది గుడ్డ అసలు పట్టు అని మాత్రమే. జరీ గురించి అది ఒక్క మాట చెప్పదు, చేతిమగ్గం మీద నేసిందనీ చెప్పదు. చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది. నెలరోజులు ఆ ఫ్లోర్ మీద నిలబడ్డ పిల్లకి ఇది తెలిసి తీరుతుంది. తెలిసీ చెప్పలేకపోవడం కథ. తెలియకపోవడం నీ బద్ధకం.

జరీ ఎందుకు నల్లబడుతుందో కూడా తెలుసుకో. అసలు జరీ అంటే పట్టు పోగు చుట్టూ చుట్టిన సన్నటి వెండి తీగ, దాని మీద బంగారు పూత. గాలిలోని గంధకం, చెమట, సెంటు తగిలితే వెండి నల్లబడుతుంది. చవక రకంలో వెండికి బదులు రాగి ఉంటుంది, అది ఇంకా త్వరగా నల్లబడుతుంది, ఒక్కోసారి ఆకుపచ్చగా చిలుము పడుతుంది. గోటితో పోగుని గీకితే లోపల ఎర్ర పట్టు కనబడాలి, తెల్లగా కనబడితే అనుమానించాలి అని కంచి పట్టు కొనేవాళ్ళు చెప్పుకుంటారు. మీ నెల్లూరావిడ అక్కడే నిలబడి గోరు వేసిందనుకో. ఆ పిల్ల చేతిలోంచి చీర లాక్కుని, నలుగురు కొనేవాళ్ళ ముందు గీకిందనుకో. నువ్వు రాసిన తొమ్మిది పేజీల అరుపు కన్నా ఆ గీకిన చప్పుడు గట్టిగా వినబడుతుంది.

నలుపు ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. చంక కింద, భుజం మీద, నడుం దగ్గర మాత్రమే ఉంటే కట్టుకున్న మనిషి చెమట, సెంటు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకేలా మబ్బు పట్టినట్టుంటే జరీ నాసిరకం, లేదా ఏళ్ళ తరబడి ప్లాస్టిక్ కవర్లో మూలిగిన సరుకు. ఇవి రెండూ కాకుండా మూడోది ఉంది, నాకు కావలసింది అదే. మడత పైకి వచ్చే చోట, జానెడు వెడల్పున, ఒక్క పట్టీ మాత్రమే రంగు వెలిసి ఉంటుంది. దాని పక్కన గుడ్డ నవనవలాడుతూ ఉంటుంది. అలమారలో లైటు కింద నెలల తరబడి అదే మడతతో పెట్టిన చీరకే అలా అవుతుంది. అంటే తప్పు షాపుది. దాన్ని ముందు చూసేది ఆ పిల్ల. ఆవిడ ఇంకా చూడలేదు. సూపర్‌వైజర్ ఇంకా రాలేదు. చీరని అదే మడతలో తిరిగి మడిచేస్తే ఎవరికీ తెలీదు.

ఆ పిల్ల ఎందుకు మడిచేస్తుందంటావా? చాలా షాపుల్లో బిల్లు మీద అమ్మినవాళ్ళ నంబరు పడుతుంది. నెలాఖరుకి ఇన్సెంటివ్ లెక్క దాన్నిబట్టే. చీర వెనక్కి వస్తే ఆ లెక్క కూడా వెనక్కి పోతుంది. ఇది నీ కథలో ఎక్కడా లేదు. "ఉద్యోగం పోతుందేమోనని భయపడింది" అని రాశావు. ఒక్క చీర వెనక్కి వచ్చినంత మాత్రాన ఉద్యోగం పోదమ్మా, ఆ నెల హాస్టల్ నుంచి ఇంటికి పంపే డబ్బులో కాస్త కోత పడుతుంది. భయాన్ని అంత పెద్దది చేస్తే ఎవరూ నమ్మరు.

మాటల దగ్గరికి వస్తాను. "మేడమ్, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ సమస్య నాకు అర్థమవుతోంది" అని నీ పిల్ల అంటుంది. ఎవరమ్మా టీ నగర్లో ఇలా మాట్లాడేది? అది ఫోన్లో వినిపించే రికార్డు గొంతు. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, ఆ పేట పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, అక్కడి పార్కు పేరు పానగల్లు రాజాది, ఇద్దరూ తెలుగువాళ్ళే. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి పెళ్ళి బట్టలకి దిగే జనం ఇప్పటికీ అక్కడికే వస్తారు. తిరునల్వేలి నుంచి వచ్చిన పిల్ల అయినా మూడు నెలల్లో బేరం తెలుగు నేర్చేసుకుంటుంది. "అక్కా, ఇటు రండి, ఫ్యాన్ కింద కూర్చోండి, నీళ్ళు తాగండి. చీర నేను చూస్తా" అంటుంది. ఇందులో మర్యాద ఎంత ఉందో ఉపాయం కూడా అంత ఉంది. బిల్లింగ్ కౌంటర్ దగ్గర అరిస్తే ఇరవైమంది వింటారు, పక్కకి తీసుకొస్తే ముగ్గురు వింటారు. నిలబడ్డ మనిషి కోపం కూర్చున్న మనిషికి ఉండదు.

తర్వాత ఫిర్యాదుని ఆవిడ మాటల్లోనే ఒకసారి తిరిగి చెప్పాలి. "జరీ నల్లబడింది అంటున్నారు, కట్టుకోలేదంటున్నారు, అంతేనా అక్కా?" దీంతో ఆవిడ మాట మార్చడానికి వీలుండదు. చీర చూశాకే బిల్లు అడగాలి. ముందే బిల్లు అడిగితే దొంగని పట్టుకున్నట్టు ఉంటుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యం, "కుదరదు" అన్న మాట సేల్స్ పిల్ల నోట రాకూడదు. ఎందుకంటే వెనక్కి తీసుకునే అధికారం ఎలాగూ ఆ పిల్లది కాదు. తను కుదరదన్నాక సూపర్‌వైజర్ వచ్చి ఒక్క నిమిషంలో "పోనీలే, మార్చివ్వమ్మా" అంటాడు. ఆయన మంచివాడైపోతాడు, ఈ పిల్ల దయ్యమైపోతుంది. నీ ఏడో పేజీలో సరిగ్గా ఇదే జరిగింది, నువ్వు గమనించనే లేదు! సూపర్‌వైజర్ని పిలిచి, ఆవిడ వింటుండగానే రెండు ముక్కల్లో విషయం చెప్పి, పిల్ల పక్కకి తప్పుకోవాలి. చెయ్యి విసిరితేనో, బూతు మాటంటేనో ఒక అడుగు వెనక్కి వేసి కౌంటర్ని మధ్యలో ఉంచుకోవాలి. సీసీటీవీలో చాలాచోట్ల బొమ్మ పడుతుంది గానీ మాట పడదు. వెనక్కి వేసిన అడుగు కనబడుతుంది, తిట్టు వినబడదు.

"బిల్లు వెనక అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు అని ఉంది, అంతే" అని నీ సూపర్‌వైజర్ చట్టం చదివినట్టు మాట్లాడతాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. నచ్చలేదని తెస్తే ఆ సంగతి వేరు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే 1915 నంబరుకి ఫోన్ చేస్తానని ఆవిడ అంటే నీ సూపర్‌వైజర్ గొంతు మారాలి, ఎందుకంటే ఆయనకి ఇది తెలుసు. మళ్ళీ చీర దగ్గరికే వచ్చాం చూశావా? లోపమా, నచ్చకపోవడమా అన్నది ఆ వెలిసిన పట్టీ చెప్పాలి.

ఆషాఢం డిస్కౌంట్లో కొన్నదని రాశావు. చెన్నైలో అది ఆడి తగ్గింపు. ఆడి తమిళుల సౌరమాసం, జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. మన ఆషాఢం చాంద్రమానం. ఒక్కో ఏడు రెండూ దగ్గరగా వస్తాయి, ఒక్కో ఏడు మన శ్రావణం వచ్చేసినా అక్కడ ఆడి నడుస్తూనే ఉంటుంది. శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్న తెలుగువాళ్ళకి అది పండగే. తగ్గింపు సరుకు అంటే అలమారలో ఎక్కువకాలం ఉన్న సరుకు కూడా కలిసే అవకాశం ఉంటుంది. నీకు తెలియకుండానే ఆ పట్టీకి కారణం నువ్వే రాసిపెట్టావు.

ముగింపు తీసేయ్. ఆ చీర కట్టుకోవలసిన కూతురు చచ్చిపోయిందని ఆఖరి లైనులో తెలియడం, సేల్స్ పిల్ల కళ్ళు తుడుచుకోవడం! కథల పోటీలు ఈ కొసమెరుపు జబ్బుని ఊరంతా అంటించాయి. జడ్జీలకి వందల కథలు చదివే ఓపిక లేక ఆఖరి లైన్లు చదువుతారు, రాసేవాళ్ళు వాటికే సాన పడతారు. మనిషికి కోపం రావాలంటే ఇంట్లో శవం లేవక్కర్లేదు. ఇలా చూడు. ఆవిడ చీర మార్చుకోనంటుంది, డబ్బుకి బదులిచ్చే క్రెడిట్ నోటు వద్దంటుంది, నగదే కావాలంటుంది. ఎందుకు? డబ్బు కట్టింది హైదరాబాదులో ఉన్న కొడుకు, తన ఫోన్లోంచి. ఫోన్లో కట్టిన డబ్బు కట్టిన ఖాతాకే తిరిగి వెళ్తుంది, ఆ నిమిషమో నాలుగు రోజులకో కొడుకు ఫోన్లో టింగుమంటుంది. కోడలికని కొనిపించిన చీరని అమ్మ వాపసు ఇచ్చేసిందని వాడికి తెలిసిపోతుంది. ఆవిడ ఈ మాట షాపులో ఎవరికీ చెప్పదు. నువ్వూ చెప్పకు. "మా వాడి ఖాతాలో వెయ్యొద్దు" అని మూడుసార్లు అనిపించు చాలు.

నాలుగు ప్రశ్నలు అడిగావు. ఏ పత్రికకి పంపాలన్నది ఒకటి. కలం పేరు సంగతి ఇంకోటి. మిగతా రెండూ నీ ఉత్తరం రెండో కాగితం మీద ఉన్నాయి, అది పేపర్ల కట్టలో కలిసిపోయింది. పత్రిక సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఒక పని చెయ్యి. వారం మధ్యలో ఒకరోజు, పొద్దున షాపు తెరిచిన గంటలోపు వెళ్ళు. ఆదివారం వెళితే నిన్నెవరూ పట్టించుకోరు, మాంబళం స్టేషన్ నుంచి నడవడానికే అరగంట పడుతుంది. మీ అమ్మగారి పాత పట్టుచీర ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళు. ఇదే జరీతో కొత్తది కావాలని చెప్పి, వాళ్ళ చేతికి ఇచ్చి విప్పమను. ఏ చివర ముందు పట్టుకుంటారో, ఎక్కడ ఆగుతారో, ఏం చూసి పక్కవాళ్ళ ముఖం వంక చూస్తారో రాసుకో. విప్పించుకుని ఊరికే రాకు, ఒక జాకెట్టు గుడ్డయినా కొను.