బాడుగ ఇంట్లో కరెంటు బోర్డు మార్పించాం, ఆ ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మేం కర్నూలు పాతబస్తీలో ఆరేళ్లుగా ఒకే ఇంట్లో బాడుగకు ఉన్నాం. నెలకు 7,800 రూపాయలు. అగ్రిమెంటు లేదు, అంతా నోటిమాటే. 2009 వరదలో మునిగిన ఇల్లు, వైరింగు అప్పటిదే అని పక్కింటివాళ్లు అంటారు. మొన్న ఏప్రిల్లో ఒక రాత్రి బోర్డులోంచి పొగ వచ్చింది, సగమిల్లు చీకటైంది. కరెంటు పనిచేసే ఆయన వచ్చి చూసి బోర్డంతా మార్చాల్సిందే అన్నాడు. ఇల్లుగలాయనకు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాం. ‘చూద్దాంలేమ్మా’ అన్నాడు. పది రోజులు ఆగాం. ఎండలు మండిపోతున్నాయి, ఇంట్లో రెండేళ్ల పాప. ఇక లాభం లేదని మేమే చేయించుకున్నాం, 31,400 అయింది. నాలుగు నెలలు బాడుగ కట్టకుండా అందులో పట్టుకున్నాం. ఇప్పుడాయన ‘నిన్నెవరు మార్చమన్నారు, మీ ఏసీ వల్లే కాలింది, బాకీ కట్టి ఖాళీ చేయండి, లేకుంటే కరెంటు తీయిస్తా’ అంటున్నాడు. ఇంతకుముందు పైకప్పు కారినప్పుడు, సంపు మోటారు కాలినప్పుడు ఆయనే పెట్టుకున్నాడు. కరెంటు సంగతి కాబట్టి మన ఊళ్లోనే ఉన్న విద్యుత్ నియంత్రణ మండలికి పోవాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, పసిబిడ్డ ఉన్న ఇంట్లో కాలిన బోర్డును అలాగే వదిలేయకుండా బాగు చేయించారు. అందులో మీ తప్పేమీ లేదు. మీ ఉత్తరం చదివాక నాకు దిగులేసింది మాత్రం నాలుగు నెలల బాడుగ మొత్తంగా ఆపేశారని. బాడుగ కట్టలేదన్న మాట ఇల్లుగలవాళ్ల చేతిలో అన్నిటికన్నా పదునైన కత్తి. కోర్టులో బోర్డు కథంతా వెనక్కిపోయి ‘నాలుగు నెలలు ఎగ్గొట్టారా లేదా’ అన్నదే ముందుకొస్తుంది. దీన్ని ఈ వారంలోనే సరిచేసుకోవాలి. ఎంత కట్టాలో కింద లెక్క వేసి చెబుతాను.

బాడుగలో ఖర్చు పట్టుకునే హక్కు చట్టంలో ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్, ఎఫ్ క్లాజు. యజమాని చేయించాల్సిన రిపేరు ఉండి, మీరు నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో ఆయన చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా బాడుగలో తగ్గించుకోవచ్చని అది చెబుతుంది. నోటీసంటే వకీలు రాసిందే కానక్కర్లేదు, మీ వాట్సాప్ మెసేజీ చాలు. కాలిన బోర్డుకు, ఏప్రిల్ ఎండల్లో, పది రోజులు తగిన సమయమేనని నేను వాదిస్తాను.

చిక్కంతా ‘యజమాని చేయించాల్సిన’ అన్న మాట దగ్గర ఉంది. ఇంటికి ఏ రిపేరు వచ్చినా యజమానే చేయించాలని ఆ చట్టం ఎక్కడా అనలేదు. ఒప్పందాన్ని బట్టి, స్థానిక వాడుకను బట్టి అది తేలుతుంది. మీ దగ్గర కాగితం లేదు కాబట్టి ఆరేళ్ల నడవడికే మీ ఒప్పందం. పైకప్పు, సంపు మోటారు రెండూ ఆయనే పెట్టుకున్నాడని మీరు ఉత్తరం చివర్లో ఒక వాక్యంగా రాశారు. నా దృష్టిలో మీ కేసుకు అదే వెన్నెముక. పెద్ద రిపేర్లు ఆయనవి, బల్బులు ట్యాపులు మీవి అన్న అవగాహన మీ ఇద్దరి మధ్యా ఉందని దానితో చూపించవచ్చు. మోటారు రిపేరుకు ఆయన డబ్బు పంపిన ఫోన్‌పే రసీదో, అప్పటి మెసేజీయో ఉంటే వెతికి తీయండి.

రెండో ఆసరా అదే సెక్షన్‌లోని ఏ క్లాజు. ఇంట్లో ఉన్న పెద్ద లోపం యజమానికి తెలిసి, బాడుగకు వచ్చేవాళ్లు మామూలుగా చూస్తే కనబడనిదైతే, ఆయన ముందే చెప్పాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు పాతబస్తీ ఇళ్లు ఎలా మునిగాయో కర్నూలువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గోడలు ఆరాయి, సున్నం కొట్టారు. గోడ లోపలి పైపుల్లో బురదనీళ్లలో నానిన వైర్లను మార్చినవాళ్లూ ఉన్నారు, మార్చనివాళ్లూ ఉన్నారు. మీ ఇల్లు ఆ రెండో రకమే అయితే ఆ సంగతి తెలిసింది ఇల్లుగలాయనకే. మీరు గోడ పగలగొట్టి చూసి బాడుగకు దిగరు కదా. పక్కింటి పెద్దవాళ్లలో ఒకరు ఈ ముక్కను సంతకం పెట్టి రాసిస్తే, లేదా అవసరమైనప్పుడు వచ్చి చెబుతామంటే, బలం పెరుగుతుంది.

ఇంకొకటి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఎవరి రిపేర్లు ఎవరివో పట్టీ ఉంది. ఇంటి లోపలి, బయటి కరెంటు వైరింగు యజమాని వైపు. స్విచ్‌లు, సాకెట్లు, సర్క్యూట్ బ్రేకర్ల రిపేరు బాడుగదారు వైపు. నమూనా కాబట్టి అది దానంతటదే మనకు చట్టం కాదు. కానీ రాజీ మాటల్లో ‘లోకంలో పద్ధతి ఇదీ’ అని చూపడానికి పనికొస్తుంది. అందులో సగం మీకు వ్యతిరేకమని కూడా గమనించండి.

ఇప్పుడు బిల్లు. మీరు పంపిన దాన్ని ఒక్కో పద్దూ చదివాను. డీబీ బాక్సు (కరెంటును గదులకు పంచే బోర్డు పెట్టె), ఐసోలేటరు (మెయిన్ స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఎంసీబీలు (లోడు పెరిగితే వాటంతటవే ఆగిపోయే స్విచ్‌లు) కలిపి 7,900. మీటరు నుంచి డీబీ దాకా మెయిన్ వైరు, కాలిన లైన్ల వైర్లు 6,800. ఎర్తింగు 4,200. ఈ మూడూ రిపేరే, మొత్తం 18,900. ‘పాత పింగాణీ ఫ్యూజులే మళ్లీ పెట్టిస్తే సరిపోయేది, ఎంసీబీలు సోకు’ అని ఆయన అనొచ్చు. కాలిన బోర్డు స్థానంలో ఈ రోజుల్లో ఎవరైనా పెట్టేది ఎంసీబీ బోర్డే. ఆర్‌సీసీబీ అయితే, కరెంటు మనిషి ఒంట్లోంచి నేలకు లీకైన క్షణంలో లైను కట్టేసే పరికరం. పాప ఉన్న ఇంట్లో దాన్ని సోకు అనే మాట ఏ జడ్జీ ముందూ నిలబడదని నా నమ్మకం.

మిగతావి వేరు. ఏసీకి విడిగా లాగిన వైరు, 20 ఆంపియర్ల పాయింటు 3,600. అది మీ సౌకర్యం, మీ ఖర్చు. హాల్లో కొత్త మాడ్యులర్ స్విచ్ ప్లేట్లు 2,900. పాతవి పనిచేస్తున్నా మార్చారు కాబట్టి అవీ మీవే. వీటిని మీరు పోగొట్టుకున్నట్టు కాదు, ఖాళీ చేసేటప్పుడు ఇల్లు మీకు అప్పగించిన స్థితిలోనే ఉంచి, ఊడదీసుకుని వెళ్లొచ్చు. పాత స్విచ్‌లు దాచి ఉంటే తిరిగి బిగించి ఇవ్వాలి. కూలి 6,000ను సామాను లెక్కలో పంచితే రిపేరు వాటాకు సుమారు 4,500 వస్తుంది.

అంటే ఆయన నుంచి మీరు న్యాయంగా అడగగలిగేది 23,400. సరిగ్గా మూడు నెలల బాడుగ. మీరు పట్టుకున్నది నాలుగు నెలలు, 31,200. ఎక్కువ పట్టిన 7,800ను ఆయన బ్యాంకు ఖాతాకు పంపండి, ‘ఫలానా నెల బాడుగ’ అని నోట్‌లో రాయండి. ఇకమీదట ఏ నెలా ఆలస్యం చేయొద్దు. చేతికి నగదు అసలే ఇవ్వొద్దు.

ఏసీ వల్లే కాలిందన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. మీరు పంపిన రెండో ఫోటోను పెద్దది చేసి చూశాను. మెయిన్ ఫ్యూజు క్యారియర్‌లో ఫ్యూజు తీగ లేదు. దాని బదులు మూడు నాలుగు పేటలు మెలేసిన రాగి తీగ చుట్టి ఉంది, చివర్లు నల్లగా మాడి ఉన్నాయి. ఫ్యూజు తీగ పనే లోడు పెరిగినప్పుడు కరిగిపోయి ఇంటిని కాపాడటం. లావు రాగి తీగ కరగదు, దాని వెనకున్న వైరు కాలుతుంది. ఆ తీగ ఎవరు చుట్టారు? మీరు దిగేనాటికే ఉంటే తప్పు ఇంటిది. ఏసీ పెట్టాక మాటిమాటికీ ఫ్యూజు పోతోందని మీ ఇంట్లోవాళ్లే చుట్టించి ఉంటే, మెయిన్ వైరు ఖర్చులో మీ వాటా కూడా ఉంటుంది. నిజం ఏదైతే అది మీ వకీలుకు ముందే చెప్పండి. ఎదుటివాళ్ల నోట తెలిస్తే మీరు నిజంగా చేసిన మంచిపని కూడా అనుమానంలో పడుతుంది.

ఏసీ పెట్టినప్పుడు ఆయన ఏమన్నాడు? గోడకు కన్నం వేయడానికి ఒప్పుకున్న మెసేజీ ఉంటే అది పెద్ద సాక్ష్యం. మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మంజూరైన వాడకం పరిమితి) 1 కిలోవాట్ అని ఉంది. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్‌కు అటూ ఇటూగా లాగుతుంది. అదనపు లోడుకు మన కరెంటు కంపెనీ ఏపీఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు చేయాలి. సర్వీసు ఆయన పేరున ఉంది కాబట్టి ఆయన సంతకం కావాలి. ఆ చార్జీలు మాత్రం మీరే కట్టుకోవడం ధర్మం, ఏసీ మీది కదా.

పని చేసిన ఆయన గురించి ఒక మాట. బల్బు, ఫ్యాను, స్విచ్, ఫ్యూజు మార్చడం దాటిన వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతాయి. ఆయన ఇచ్చిన బిల్లు మీద లైసెన్సు నంబరు లేదు. ఇల్లుగలాయన వకీలు దీన్ని పట్టుకుంటాడు. లైసెన్సున్న వాళ్లతో ఒకసారి మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పెట్టించి, ఎర్తింగు కొలిపించి, రిపోర్టు రాయించుకోండి. కేసు సంగతి అటుంచి, పాప కోసమైనా ఈ పరీక్ష చేయించమని నా మనవి.

‘కరెంటు తీయిస్తా’ అన్నదానికి భయపడొద్దు. కరెంటు కనీస అవసరమని, యజమాని అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో బాడుగదారుకు కరెంటు ఇవ్వకుండా ఉండరాదని 2022 మేలో దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయన నిజంగానే తీయిస్తే ఆ రోజే కరెంటు కంపెనీ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మర్నాడు సివిల్ కోర్టులో ఇంజంక్షన్‌కు (నిషేధ ఉత్తర్వుకు) వెళ్లొచ్చు. ఖాళీ చేయించాలన్నా నోటీసు, కోర్టు దారే. సామాను బయట పెట్టడం, తాళం వేయడం కుదరదు.

నియంత్రణ మండలి సంగతి అడిగారు. ఆ మండలి, అంటే ఏపీఈఆర్సీ, ఆఫీసు మన కర్నూలులోనే ఉన్నా, ఇంటి యజమానికీ బాడుగదారుకూ మధ్య డబ్బు తగాదా అక్కడ వినరు. కరెంటు కంపెనీ మీద ఫిర్యాదులకు వినియోగదారుల ఫోరం, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, అదీ మీకు పనికిరాదు. మీరు పోవాల్సింది జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వండి. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. 23,400 రూపాయల తగాదాను ఏళ్ల తరబడి వాయిదాల్లో నలిపేకంటే ఇదే మేలు. ఒకవేళ దావా దాకా పోతే, ఎఫ్ క్లాజు నిలబడకపోయినా కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ఉంది. ఊరికే ఇచ్చేయాలని కాకుండా ఒకరికోసం న్యాయంగా ఒక పని చేస్తే, దాని లాభం పొందినవాడు పరిహారం ఇవ్వాలి. కొత్త బోర్డు ఆయన గోడకే ఉంది, మీరు వెళ్లాక కూడా అక్కడే ఉంటుంది. ఇలాంటి దావాకు మూడేళ్ల గడువు ఉంది.

అర్జీ కన్నా ముందు ఆయనకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ఇలా రాస్తే చాలు: ‘ఏప్రిల్ ఫలానా తేదీ రాత్రి మెయిన్ బోర్డు కాలింది. అదే రోజు మీకు ఫోటోలతో తెలియజేశాం. పది రోజులు చూశాక తప్పనిసరై మేమే బాగు చేయించాం. రిపేరు ఖర్చు 23,400 రూపాయలు మూడు నెలల బాడుగలో సర్దుకున్నాం, ఏసీ లైను, స్విచ్ ప్లేట్ల ఖర్చు మేమే భరించాం. నాలుగో నెల బాడుగ ఫలానా తేదీన మీ ఖాతాకు పంపాం. బిల్లు నకలు జత చేశాం.’ కోపం మాటలు ఒక్కటీ వద్దు, రేపు జడ్జీ చదివేది ఈ ఉత్తరమే.

వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చొద్దు, మెసేజీలు చెరపొద్దు. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అది మీ వకీలు చూసుకుంటాడు. కాలిన పాత బోర్డును పాత సామాన్లవాడికి వేయలేదు కదా? ఆ రాగి తీగతో సహా ఒక సంచిలో కట్టి, మీదో చీటీ మీద తేదీ రాసి, అటక మీద పెట్టండి.